చవక ఆర్మ్ లాప్‌టాప్‌లో మొబైల్ లినక్స్: పెన్‌డ్రైవ్ పెడితే ఎందుకు పలకదు?

మా పక్క వాటాలో ఉండే ఇంజనీరింగ్ కుర్రాడు పోయిన నెల ఒక సాయంత్రం లాప్‌టాప్, పెన్‌డ్రైవ్ చేతపట్టుకుని వచ్చాడు. "అంకుల్, ఉబుంటు లినక్స్ ఎక్కిద్దామని మధ్యాహ్నం నుంచి కూర్చున్నాను. ఎఫ్2 నొక్కాను, ఎఫ్12 నొక్కాను, డిలీట్ కూడా నొక్కాను. బయాస్ రావట్లేదు" అన్నాడు. ఇరవై వేల లోపు లాప్‌టాప్ అది. ఫ్యాను లేదు, చప్పుడు లేదు, చేతిలో బరువే తెలియడం లేదు. వివరాలు చూస్తే అందులో ఉన్నది ఫోన్లలో, ట్యాబ్లెట్లలో వాడే రకం ఆర్మ్ ప్రాసెసర్. అతను దించుకున్న ఉబుంటు ఫైలు పేరు చివరేమో ఏఎండీ64 అని ఉంది, అంటే ఇంటెల్, ఏఎండీ చిప్‌ల కోసం చేసినది.

"అయితే ఆర్మ్ ఫైలు దించుకుంటే సరిపోతుందా?" అని వెంటనే అడిగాడు. సరిపోదు. ఎందుకు సరిపోదో చెప్పేసరికి భోజనాల వేళయింది. ఈ ప్రశ్న ఇప్పుడు అతనొక్కడిదే కాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయాక, విండోస్ బదులు ఉచితంగా వాడుకోగల లినక్స్ సంగతి అడిగేవాళ్ళు నాకు ఎక్కువగా తగులుతున్నారు. అటు ఆండ్రాయిడ్‌ను, క్రోమ్‌బుక్ లాప్‌టాప్‌లను నడిపే క్రోమ్ఓఎస్‌ను కలిపేస్తున్నామని గూగుల్ కూడా అదే ఏడాది చెప్పింది. చేతిలో ఉన్న చవక లాప్‌టాప్‌లో ఏది ఎక్కుతుంది, ఏది ఎక్కదు అన్న టెన్షన్ చాలామందికి ఉంది.

ఆర్మ్ అంటే ఏమిటి, మొబైల్ లినక్స్ అంటే ఏది

ప్రాసెసర్‌కు అర్థమయ్యే భాష ఒకటి ఉంటుంది. ఇంటెల్, ఏఎండీ చిప్‌ల భాష ఎక్స్86. ఫోన్ చిప్‌ల భాష ఆర్మ్. ఒక భాషలో తయారైన ప్రోగ్రామ్ రెండోదానిలో నేరుగా నడవదు. ఆర్మ్ అనే కంపెనీ ప్రధానంగా డిజైన్ల లైసెన్సులు అమ్ముతుంది. వాటితో చిప్‌లు చేసేది మీడియాటెక్, క్వాల్‌కామ్, రాక్‌చిప్, ఆల్‌విన్నర్ లాంటి కంపెనీలు. ఎవరి పద్ధతి వాళ్ళది, తకరారు అక్కడే మొదలవుతుంది.

ఇక మొబైల్ లినక్స్. చిప్‌లతో నేరుగా మాట్లాడే సిస్టమ్ గుండెకాయను కెర్నెల్ అంటారు. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నదీ లినక్స్ కెర్నెలే కాబట్టి మాటకు ఆండ్రాయిడ్ కూడా మొబైల్ లినక్సే అనొచ్చు. కానీ వాడుకలో ఈ పేరు పెట్టి పిలిచేది వేరే రకాన్ని: డెస్క్‌టాప్ మీద నడిచే మామూలు లినక్స్‌నే ఫోన్ల మీదికి తెచ్చిన పంపిణీలను (డిస్ట్రోలను). డెబియన్ అనే పాత పంపిణీ నుంచి వచ్చిన మోబియన్ ఒకటి. ఉబుంటు చేసే కనానికల్ కంపెనీ 2013లో ప్రకటించి 2017లో వదిలేస్తే యూబీపోర్ట్స్ వాళ్ళు నెత్తికెత్తుకున్న ఉబుంటు టచ్ ఇంకొకటి. ఆల్పైన్ లినక్స్ పునాది మీద 2017లో ఒలివర్ స్మిత్ మొదలుపెట్టిన పోస్ట్‌మార్కెట్ఓఎస్ మరొకటి. ఈ వ్యాసంలో ఎక్కువగా మాట్లాడేది ఈ చివరిదాని గురించే. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన ఫోన్ కూడా పదేళ్ళు బతకాలన్నది దాని ఆశయం. మార్కెట్ అయిపోయాక అన్న అర్థంతో పేరులోనే ఆ సంగతి ఉంది.

ఇంకొక పొరపాటు కూడా తరచుగా చూస్తుంటాను. మొబైల్ లినక్స్ ఎక్కిస్తే లాప్‌టాప్ తెర నిండా ఫోన్ లాంటి పెద్ద పెద్ద ఐకాన్లు వస్తాయనుకుంటారు. తెర మీద కనిపించేది వేరే పొర. వేలితో వాడాలంటే ఫాష్, ప్లాస్మా మొబైల్ లాంటివి పెట్టుకోవచ్చు. కీబోర్డు, మౌస్‌తో వాడాలంటే అదే పోస్ట్‌మార్కెట్ఓఎస్ మీద గ్నోమ్, కేడీఈ ప్లాస్మా, ఎక్స్ఎఫ్‌సీఈ ఏదైనా పెట్టుకోవచ్చు. ఇక్కడ "మొబైల్" అనేది ముఖానికి పెట్టిన పేరు కాదు, లోపలి ఇంజనుది.

ఫోన్ కోసం పుట్టినదానికి లాప్‌టాప్‌తో ఏం పని

లాప్‌టాప్ లోపల ఉన్నది ఫోనే కాబట్టి. పైన్64 అనే సంస్థ 2017లో పైన్‌బుక్ అనే లాప్‌టాప్ తెచ్చింది. 14 అంగుళాల మోడల్ ధర 99 డాలర్లు, అందులో ఆల్‌విన్నర్ ఏ64 చిప్, 2 జీబీ ర్యామ్. తర్వాత అదే సంస్థ తెచ్చిన పైన్‌ఫోన్‌లో ఉన్నది కూడా అదే ఏ64. ఒకదాని కోసం రాసిన డ్రైవర్, అంటే ఒక భాగాన్ని కెర్నెల్ చేత నడిపించే కోడ్, రెండోదానికి పనికొచ్చింది. ఫోన్ల మీద పనిచేసేవాళ్ళు వద్దనుకున్నా లాప్‌టాప్‌ల దగ్గరికి వచ్చి చేరారు.

ఇంకో కారణం పోస్ట్‌మార్కెట్ఓఎస్ పద్ధతిలోనే ఉంది. మామూలు పంపిణీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడానికి అందరికీ కలిపి ఒకే ఐఎస్ఓ ఫైలు ఇస్తుంది. ఇది అలా కాదు, పరికరానికో, దగ్గరి పరికరాల కుటుంబానికో ఒక ప్యాకేజీ, ఒక ఇమేజ్ (ఎక్కించే ఫైలు). నూరు రకాల ఫోన్లకు నూరు రకాలుగా కుట్టిపెట్టడం దానికి మొదటినుంచీ అలవాటు. చవక ఆర్మ్ లాప్‌టాప్‌కు కావలసింది ఆ అలవాటే.

హాజరు పలికే భాగాలు, పలకని భాగాలు

అసలు చిక్కుముడి ఇది. నిదానంగా చూద్దాం.

మామూలు పీసీలో స్విచ్ వేయగానే ముందు యూఈఎఫ్ఐ లేస్తుంది. పాతవాళ్ళు బయాస్ అంటారు. కెర్నెల్ వచ్చి "ఎవరెవరున్నారు?" అని అడిగితే పీసీఐ, యూఎస్‌బీ మీద ఉన్న భాగాలు క్లాసులో పిల్లల్లా హాజరు పలుకుతాయి. నేను ఫలానా కంపెనీ వైఫై కార్డును, నేను ఫలానా గ్రాఫిక్స్ చిప్‌ను అని చెప్పుకుంటాయి. అలా పలకలేని చిన్నా చితకా భాగాల పట్టికను యూఈఎఫ్ఐ అందిస్తుంది. ఒకే ఉబుంటు పెన్‌డ్రైవ్ డెల్‌లోనూ లెనోవోలోనూ పనిచేసేది ఇందువల్లనే.

ఆర్మ్ ఫోన్ చిప్‌లో చాలా భాగాలు హాజరు పలకవు. టచ్‌ప్యాడ్ ఒక సన్నటి తీగల జత మీద ఫలానా నంబరు దగ్గర కూర్చుని ఉంటుంది. ఆ నంబరు తెలిసి పిలిస్తేనే పలుకుతుంది, తెలియకపోతే అది ఉన్నట్టే కెర్నెల్‌కు తెలియదు. కన్సీల్డ్ వైరింగ్ ఉన్న ఇంట్లోకి కొత్త ఎలక్ట్రీషియన్ వచ్చినట్టు. స్విచ్ బోర్డులు కనబడతాయి గానీ ఏ వైరు ఎక్కడికి పోయిందో గోడ చెప్పదు. ప్లాను కాగితం కావాలి.

ఆ ప్లాను కాగితం పేరే డివైస్ ట్రీ. ఏ చిప్, ఏ తీగ మీద, ఏ నంబరు దగ్గర, ఎన్ని వోల్టులతో ఉందో రాసిన ఫైలు. ఈ పద్ధతి సన్ కంపెనీ స్పార్క్ యంత్రాల నుంచి, పవర్‌పీసీ కాలం నుంచి వచ్చింది. దానికి ముందు ఆర్మ్ ప్రపంచంలో ఒక్కో బోర్డుకూ కెర్నెల్‌లో విడిగా సీ కోడ్ రాసేవాళ్ళు. ఈ కలగాపులగం భరించలేమని 2011లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగా మండిపడ్డాడు. ఆ తర్వాతే ఆర్మ్‌లో డివైస్ ట్రీ నిలదొక్కుకుంది.

దాన్ని దగ్గర నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. హెచ్‌పీ క్రోమ్‌బుక్ 11ఏ అనే లాప్‌టాప్ 2021లో మన దేశంలో ₹21,999కు అమ్మకానికొచ్చింది. మీడియాటెక్ ఎంటీ8183 చిప్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, 11.6 అంగుళాల టచ్ తెర. దాని బోర్డుకు గూగుల్ పెట్టుకున్న పేరు కప్పా. అధికారిక లినక్స్ కెర్నెల్‌లో కప్పాకు ఒక డివైస్ ట్రీ ఫైలుంది. విప్పి చూస్తే చాలా చిన్నది, ఎందుకంటే అసలు సరుకంతా వంశవృక్షంలా పైనుంచి దిగుతుంది. మొదట చిప్ ఎంటీ8183, దాని మీద కుకుయి అనే కుటుంబం, అందులో జకూజీ అనే శాఖ, ఆ శాఖలో కప్పా.

ఆ జకూజీ శాఖలో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. ఎంటీ8183 ఫోన్, ట్యాబ్లెట్ల తరహా చిప్ కనుక అది తెరకు పంపే సంకేతం కూడా ఫోన్ తెరకు పంపే తరహాదే. లాప్‌టాప్ తెర భాష వేరు. అందుకని మధ్యలో ఏఎన్ఎక్స్7625 అనే చిన్న దుబాసీ చిప్ పెట్టారు. అది ఏ తీగ మీద ఉందో, దాని నంబరు హెక్సాలో 58 అని డివైస్ ట్రీలో రాసి ఉంది. ఆ నాలుగు వరుసలు లేవనుకోండి. కెర్నెల్ లేస్తుంది, వైఫై కలుస్తుంది, అంతా నడుస్తూనే ఉంటుంది. తెర మాత్రం నల్లగా ఉంటుంది. కొన్నవాడు లాప్‌టాప్ చచ్చిపోయిందనుకుంటాడు.

ఒకే చిప్ కుటుంబం, రెండు లాప్‌టాప్‌లు, రెండు దారులు

ఇప్పుడు పక్కన ఇంకో లాప్‌టాప్ పెడదాం. 2023 జులై చివర్లో రిలయన్స్ ₹16,499 ధరకు ప్రకటించిన జియోబుక్‌లో మీడియాటెక్ ఎంటీ8788 ఉంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ, 11.6 అంగుళాల తెర. ఎంటీ8788, ఎంటీ8183 అన్నదమ్ముల్లాంటివి: రెంటిలోనూ నాలుగు కార్టెక్స్ ఏ73 కోర్లు, నాలుగు ఏ53 కోర్లు, మాలీ జీ72 గ్రాఫిక్స్.

స్పెసిఫికేషన్ కాగితం మీద రెండూ దాదాపు ఒకటే. కప్పా ప్లాను అధికారిక కెర్నెల్‌లో ఉంది, జియోబుక్ బోర్డుది లేదు. కుకుయి, జకూజీ బోర్డులన్నిటికీ కలిపి పోస్ట్‌మార్కెట్ఓఎస్‌లో ఒక ప్యాకేజీ ఉంది. లెనోవో వాళ్ళ 2020 నాటి క్రోమ్‌బుక్ డ్యూయెట్ కూడా దాని కిందికే వస్తుంది. రెండోదానికి ఎవరో ఒకరు కూర్చుని వైరింగంతా పసిగట్టి రాయాలి.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? క్రోమ్ఓఎస్ కోసం రాసిన కెర్నెల్ మార్పులను ముందు అధికారిక లినక్స్‌కు పంపాలన్నది గూగుల్ పాటించే విధానం. మామూలు ఫోన్, ట్యాబ్లెట్ వ్యాపారంలో నడిచేది వేరు. చిప్ కంపెనీ ఒక పాత కెర్నెల్ తీసుకుని, దానికి తన మార్పులు కుట్టి, తయారీదారు చేతిలో పెడుతుంది. ఆ కుట్టు బట్ట ఆ పరికరం అమ్ముడయ్యేదాకా బాగానే ఉంటుంది, తర్వాత దాన్ని ఎవరూ పట్టించుకోరు. తయారీదారుల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. ఇంత తక్కువ ధరకు అమ్మేటప్పుడు అధికారిక కెర్నెల్‌లో చేర్చే పనికి నెలల తరబడి మనుషులను పెట్టడం భారమే. నాకు ఆ బాధ అర్థమవుతుంది. కానీ ఆ ఆదాకు వెల కట్టేది నాలుగేళ్ళ తర్వాత కొన్నవాడే.

కాబట్టి "ఎంటీ8183లో లినక్స్ నడుస్తుందా?" అన్న ప్రశ్నే తప్పు. "కప్పాలో నడుస్తుందా?" అన్నది సరైన ప్రశ్న. చిప్ పేరు ఇంటిపేరు లాంటిది. కావలసింది ఇంటి నంబరు.

ధర పెరిగితే ఈ తలనొప్పి పోతుందనుకోవడానికీ లేదు. స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ఎలీట్ లాంటి ఖరీదైన ఆర్మ్ చిప్‌తో లినక్స్ లాప్‌టాప్ చేద్దామని జర్మనీకి చెందిన టక్సెడో కంప్యూటర్స్ చాలాకాలం ప్రయత్నించి, 2025 నవంబరులో విరమించుకుంది.

తలుపు తీయడం: డెవలపర్ మోడ్ మీద రెండు వాదనలు

ప్లాను ఉన్నా, స్విచ్ వేయగానే కెర్నెల్‌ను లేపే బూట్‌లోడర్ లోపలికి రానివ్వాలి. క్రోమ్‌బుక్‌లో ఎఫ్2, ఎఫ్12 ఉండవు. స్విచ్ వేసిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే మొదటి సాఫ్ట్‌వేర్) తాను లేపబోయే కెర్నెల్ మీద గూగుల్ సంతకం ఉందో లేదో చూస్తుంది. దీన్ని పక్కన పెట్టడానికి గూగుల్ స్వయంగా ఇచ్చిన దారే డెవలపర్ మోడ్. ఆ మోడ్‌లోకి మారగానే లాప్‌టాప్‌లో ఉన్న డేటా చెరిగిపోతుంది. ఇక అక్కడి నుంచి ఎప్పుడు ఆన్ చేసినా తనిఖీ ఆపేసి ఉందని తెర హెచ్చరిస్తుంది. చాలా మోడళ్ళలో ఆ తెర మీద చెప్పినట్టు స్పేస్ నొక్కి ఒప్పుకుంటే తనిఖీ మళ్ళీ మొదలై, ఎక్కించిన లినక్స్ ఎగిరిపోతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది చిన్న సంగతి కాదు.

ఇది మంచిదేనా? భద్రత చూసేవాళ్ళు కాదంటారు. తనిఖీ ఉంటే వైరస్ కెర్నెల్‌ను మార్చినా మరుసటి బూట్‌లో దొరికిపోతుంది, తనిఖీ తీసేస్తే చేతికి చిక్కించుకున్న ఎవరైనా మార్చేయొచ్చు అన్నది వాళ్ళ మాట. అది నిజం. సొంత వస్తువు మీద సొంతదారుకు హక్కుండాలనేవాళ్ళు ఇంకోటి చెబుతారు: కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రోజున ఆ సంతకం ఎవరిని కాపాడుతుంది? ఇదీ నిజమే. 2021 నుంచి వచ్చిన క్రోమ్‌బుక్ వేదికలకు పదేళ్ళ అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023 సెప్టెంబరులో ప్రకటించాక ఈ రెండో వాదన పదును కొంత తగ్గింది. పాతవాటి విషయంలో ఇప్పటికీ అలాగే ఉంది. నా మటుకు నేను తాజా భద్రతా సవరణలున్న కెర్నెల్‌నే ఎంచుకుంటాను, డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. స్కూళ్ళ నుంచి, కంపెనీల నుంచి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చే క్రోమ్‌బుక్‌లు కొన్ని ఇంకా పాత సంస్థ పేరు మీదే నమోదై ఉంటాయి. వాళ్ళ అడ్మిన్ డెవలపర్ మోడ్‌ను ఆపేసి ఉంటే అమ్మినవాడు కూడా ఏమీ చేయలేడు.

తెర మీద బొమ్మ గీసేది ఎవరు

మాలీ గ్రాఫిక్స్‌కు ఆర్మ్ చాలా ఏళ్ళు పూర్తిగా ఓపెన్ సోర్స్ అయిన లినక్స్ డ్రైవర్ ఇవ్వలేదు. డ్రైవర్ లేకపోతే ప్రతి కిటికీనీ ప్రాసెసరే గీయాలి. కిటికీ జరిపితే తెర ఈడుస్తూ వస్తుంది. పాన్‌ఫ్రాస్ట్ అనే డ్రైవర్ ఈ గతి మార్చింది. దాన్ని మొదలుపెట్టిన అలిసా రోజెన్‌జ్వైగ్ అప్పటికి హైస్కూల్ విద్యార్థిని. కంపెనీ పత్రాలేవీ లేకుండా, చిప్ ప్రవర్తనను చూసి చూసి రాబట్టారు. 2019లో వచ్చిన లినక్స్ 5.2 కెర్నెల్‌లో పాన్‌ఫ్రాస్ట్ చేరింది, పాత మాలీ చిప్‌ల కోసం లిమా కూడా దానితోపాటే చేరింది. ఆ మరుసటి ఏడాది ఆర్మ్ కంపెనీయే పాన్‌ఫ్రాస్ట్‌కు చేయందించింది. నేడు కప్పా లాంటి లాప్‌టాప్‌లో గ్నోమ్ నున్నగా జరుగుతుందంటే ఆ చదువుకునే పిల్ల పట్టుదల అందులో ఉంది.

కెమెరా దగ్గర ఇంకా ఇబ్బందే, అక్కడ కూడా హాజరు కథే. కొన్ని లాప్‌టాప్‌లలో వెబ్‌క్యామ్ లోపల యూఎస్‌బీకి కలిపి ఉంటుంది, అది పిలవగానే పలుకుతుంది. డ్యూయెట్ లాంటి ట్యాబ్లెట్ రకాల్లో ఫోన్ కెమెరా ఉంటుంది. దాన్ని పలికించడం చాలా కష్టం.

ఒక విద్యార్థి రోజు: ఏది నడుస్తుంది, ఏది నడవదు

ప్లాను ఉంది, తలుపు తెరిచాం, పోస్ట్‌మార్కెట్ఓఎస్ ఎక్కింది అనుకుందాం. ఫైర్‌ఫాక్స్, క్రోమియం, లిబ్రెఆఫీస్, పైథాన్, సీ కంపైలర్ జీసీసీ అన్నీ ఆర్మ్ కోసమే కంపైల్ చేసి దొరుకుతాయి. కొన్ని కాలేజీల్లో ఇప్పటికీ టర్బో సీ వాడిస్తున్నారు. అది కూడా డాస్‌బాక్స్‌లో నడుస్తుంది, ఎందుకంటే డాస్‌బాక్స్ లోపల పాత పీసీనే అనుకరిస్తుంది.

ఆండ్రాయిడ్ స్టూడియో మాత్రం నడవదు. లినక్స్ కోసం గూగుల్ ఇచ్చేది ఎక్స్86 రకమే. జూమ్ డెస్క్‌టాప్ యాప్ కూడా అంతే, బ్రౌజర్లో కలవాల్సిందే. డబ్బు కట్టి చూసే సినిమా సైట్లకు వైడ్‌వైన్ అనే తాళం కావాలి. ఆర్మ్ లినక్స్ డెస్క్‌టాప్‌కు దాన్ని సంపాదించడం పెద్ద తతంగం.

దీని మీద ఇంకో మెలిక ఉంది. పోస్ట్‌మార్కెట్ఓఎస్ పునాది అయిన ఆల్పైన్ చాలా చిన్నది. దాని కనీస రూపం (కంటైనర్ ఇమేజ్) పది ఎంబీ లోపే ఉంటుంది. అంత చిన్నగా ఉండడానికి ఒక కారణం, అందరూ వాడే జీలిబ్‌సీ బదులు మజల్ అనే సీ లైబ్రరీ (ప్రోగ్రామ్‌లన్నీ ఆధారపడే ప్రాథమిక కోడ్) వాడడం. ఫలితంగా ఆర్మ్ కోసమే చేసిన ప్రోగ్రామ్ అయినా, జీలిబ్‌సీని నమ్ముకుని తయారైతే నేరుగా నడవదు. ఫ్లాట్‌ప్యాక్ ద్వారా వేసుకుంటే నడుస్తుంది, ఎందుకంటే అది తనకు కావలసిన లైబ్రరీలను వెంట తెచ్చుకుంటుంది. ఈ గొడవ వద్దనుకునేవాళ్ళు డెబియన్ మీద కట్టిన మోబియన్ వైపు, లేదా నేరుగా డెబియన్ వైపు మొగ్గుతారు. వాళ్ళ లెక్క తప్పు కాదు: జీలిబ్‌సీ ఉంటుంది, ప్రోగ్రామ్‌లు వేసుకోవడానికి అలవాటైన ఆప్ట్ ఉంటుంది. కాకపోతే ఫలానా బోర్డుకు కుట్టిన ఇమేజ్ దొరుకుతుందా అన్నది అక్కడ మళ్ళీ మొదటికొస్తుంది.

ఆర్మ్‌కు కలిసొచ్చే చోటు వేడ్రాయిడ్, అంటే లినక్స్‌లో ఆండ్రాయిడ్‌ను నడిపే ప్రోగ్రామ్. ఆండ్రాయిడ్ యాప్‌లు ఎలాగూ ఆర్మ్ భాషలోనే ఉంటాయి కాబట్టి అనువాదం అక్కర్లేకుండా కంటైనర్‌లో నడుస్తాయి. అయితే యూపీఐ యాప్‌ల మీద ఆశ పెట్టుకోవద్దు. పరికరం నమ్మదగినదని గూగుల్ తనిఖీ చెప్పాలి, నంబరు నిర్ధారణకు సిమ్ కావాలి.

తెలుగు సంగతి. అప్పుడే ఎక్కించిన ఆల్పైన్‌లో తెలుగు ఫాంటు లేకపోతే ఈనాడు సైటు తెరిచినా డబ్బాలే కనబడతాయి. నోటో తెలుగు ప్యాకేజీ వేయగానే సరిపోతుంది, ఒత్తులు, వట్రసుడులు చక్కగా కూర్చుంటాయి. టెర్మినల్‌లో మాత్రం చాలాచోట్ల "లక్ష్మి" ముక్కలవుతుంది. ఇది ఆర్మ్ తప్పు కాదు, ఏ లినక్స్‌లోనైనా ఉన్నదే. డీటీపీ పని చేసేవాళ్ళకు ఇంకో గోడ అడ్డొస్తుంది. అను స్క్రిప్ట్, పేజ్‌మేకర్ రెండూ ఇక్కడ నడిపేది విండోస్ మీదే. పెళ్ళి శుభలేఖల ఫైళ్ళన్నీ వాటిలోనే ఉంటే ఈ లాప్‌టాప్ పనికిరాదు.

ర్యామ్ గురించి చిన్న లెక్క. 4 జీబీలో సిస్టమ్, డెస్క్‌టాప్ కలిపి 1 జీబీ తీసుకున్నాయనుకుందాం. మిగిలిన 3 జీబీలో బ్రౌజర్ ట్యాబ్ ఒక్కోటి 300 ఎంబీ చొప్పున పదింటితో నిండిపోతుంది. వాడని ట్యాబ్‌లను ర్యామ్‌లోనే నొక్కిపెట్టే జెడ్‌ర్యామ్ ఉంటే, మూడింట ఒక వంతుకు నొక్కగలిగిందనుకున్నా, అలా పక్కన పెట్టిన ఐదు ట్యాబ్‌లు 1500 ఎంబీ బదులు 500 ఎంబీలో సర్దుకుంటాయి. పొదుపైన మొబైల్ లినక్స్‌కు పట్టు ఇక్కడే. ఇలాంటి లాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికిస్తారు, తర్వాత పెంచుకోలేం.

"ఆ డబ్బుకు పాత థింక్‌ప్యాడ్ కొనుక్కోవచ్చు కదా"

ఈ మాట ప్రతిసారీ వస్తుంది, బలమైన మాటే. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో ఇదే డబ్బుకు కంపెనీల నుంచి తిరిగొచ్చిన ఇంటెల్ లాప్‌టాప్‌ల కోసం వెతకొచ్చు. అందులో భాగాలన్నీ హాజరు పలుకుతాయి, ఏ లినక్స్ అయినా గంటలో ఎక్కుతుంది, చాలావాటిలో ర్యామ్ కూడా పెంచుకోవచ్చు. ఇంకా కొననివాళ్ళు, చదువుకు మాత్రమే లినక్స్ కావాలనుకునేవాళ్ళు ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను.

కానీ ఆ లాప్‌టాప్ బరువు చాలాసార్లు ఒకటిన్నర కిలో పైనే, బ్యాటరీ అప్పటికే కొంత అరిగి ఉంటుంది, ఎండాకాలంలో ఫ్యాను ఆగకుండా తిరుగుతుంది. కిలో బరువు, ఫ్యాను లేకపోవడం, ఒక్క ఛార్జితో రోజంతా నడవడం ఆర్మ్ దగ్గర తేలిగ్గా దొరుకుతాయి. ఇంట్లో పడి ఉన్న క్రోమ్‌బుక్ విషయానికొస్తే లెక్కే వేరు. అది కొనే ప్రశ్న కాదు, పారేయకుండా ఉండే ప్రశ్న.

కుర్రాడి లాప్‌టాప్ ఏమైంది

అతని బోర్డు పేరు కోసం ఇద్దరం కూర్చుని వెతికాం. కెర్నెల్ డివైస్ ట్రీల్లో లేదు, పోస్ట్‌మార్కెట్ఓఎస్ జాబితాలో లేదు. బూట్‌లోడర్ తెరిచే దారి కూడా కనబడలేదు. ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

అందులో ఉన్నది ఆండ్రాయిడ్ రకం సిస్టమే కాబట్టి టెర్మక్స్ అనే ఆండ్రాయిడ్ యాప్ వేయించాను. అది కెర్నెల్ జోలికి పోదు, బూట్‌లోడర్ అడగదు. ఆండ్రాయిడ్ కింద ఇప్పటికే నడుస్తున్న లినక్స్ కెర్నెల్ మీదే ఒక షెల్, కంపైలర్, ప్యాకేజీలు ఇస్తుంది. పూర్తి లినక్స్ కాదు, సిస్టమ్ పగ్గాలు చేతికి రావు. అక్కడ జీసీసీ అని కొడితే లోపల లేచేది క్లాంగ్ అనే ఇంకో కంపైలర్. మర్నాటి ల్యాబ్ కోసం రాసిన లింక్‌డ్ లిస్ట్ ప్రోగ్రామ్ కంపైల్ చేస్తే రెండు తప్పులు చూపించింది. రెండూ అతనివే, సెమీకోలన్లు. దిద్దుకుని మళ్ళీ నడిపాడు. "అంకుల్, మరి ఆ ప్లాను ఫైలు నేనే రాయొచ్చా?" అని అడిగాడు. కప్పా ఫైలు తెరిచి అతని ముందు పెట్టాను.